ఉక్కు ఊళ్ళో ప్లాస్టిక్ ఘటోత్కచుడు

భిలాయిలో ఇనుముకున్న మర్యాద మరి దేనికీ లేదు. దేశమంతా పరిచిన రైలు పట్టాలు తమ మిల్లు నుంచే వెళ్ళాయని ఇక్కడి చిన్నపిల్లలు కూడా గర్వంగా చెబుతారు. అలాంటి ఊళ్ళో నేను ప్లాస్టిక్‌ని. నా ఎత్తు మూడుముప్పావు అంగుళాలు. వీపులో ఒక స్క్రూ, తొడల మధ్య ఒక కొక్కెం, గద చివర సైకిల్ చక్రంలోంచి తీసిన చిన్న గోళీ, ఇలాంటి చిల్లర లోహం తప్ప నా ఒంట్లో చెప్పుకోదగ్గ ఇనుము లేదు. ఒళ్ళు అమెరికా సిపాయిది, పుట్టింది గోవాలో, వేషం ఘటోత్కచుడిది. ఇన్ని ఊళ్ళు కలిస్తేగానీ నేను తయారు కాలేదు.

వంశం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1964లో హాస్‌బ్రో అనే అమెరికా కంపెనీ మగపిల్లల కోసం జీ.ఐ.జో అనే సిపాయి బొమ్మ చేసింది. ‘డాల్’ అంటే మగపిల్లలు ముట్టుకోరని భయపడి దానికి ‘యాక్షన్ ఫిగర్’ అని పేరు పెట్టింది. అప్పట్లో మా వాళ్ళు అడుగు ఎత్తుండేవారు. 1982 నాటికి నా ఎత్తుకు కుదించుకుపోయారు. 1987లో హాస్‌బ్రో, ఎం.ఆర్.ఎఫ్. కలిసి ఫన్‌స్కూల్ పెట్టాక గోవాలో మా అచ్చులు దిగాయి. స్ట్రీట్‌హాక్ లాంటి వాళ్ళు కొందరు ఇక్కడి పిల్లల కోసమే పుట్టారు. మా రంగులు అమెరికా బొమ్మల రంగుల్లా ఉండవు. ఆ తేడా కోసమే విదేశాల్లో సేకరించేవాళ్ళు మా వెంట పడతారు. అచ్చు, యంత్రం, అట్ట మీద ప్యాకింగ్, అదంతా ఏ బొమ్మకైనా ఒకటే కథ.

మేము బొమ్మలమా, ఆటవస్తువులమా అన్నది ఒకసారి కోర్టు దాకా వెళ్ళింది. అప్పటి అమెరికా సుంకాల పట్టికలో మనిషి రూపమున్న ‘డాల్’ అయితే 12 శాతం, మనిషి కాని ‘టాయ్’ అయితే 6.8 శాతం. టాయ్ బిజ్ అనే కంపెనీ తన ఎక్స్‌మెన్ బొమ్మలు మనుషులవి కావని వాదించింది. 2003లో న్యాయమూర్తి జూడిత్ బార్జిలే ఆ వాదనతో ఏకీభవించి తక్కువ సుంకమే వేయాలన్నారు. నన్ను ఆ బోనులో నిలబెడితే ఏం తేల్చేవారో! తల్లి హిడింబి, తండ్రి భీముడు. సగం సుంకం కట్టమనేవారేమో.

భిలాయిలో నేను చేరిన ఇల్లు శ్రీకాకుళం వాళ్ళది. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరి, కర్మాగారం పునాదులు తవ్వుతున్న రోజుల్లో ఆ ఇంటి తాత విజయనగరం దగ్గర రాయపూర్ రైలెక్కి కూలిపనికి వచ్చాడు. 1957లో ‘మాయాబజార్’ చూసి మరీ ఆ రైలెక్కాడట. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన కథా, ఆ సినిమాలో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్లు ఎగిరొచ్చిన కథా ఒకే ఊపులో చెప్పేవాడు. రెండింట్లో ఏది పెద్ద వింత అన్న విషయంలో మాత్రం లడ్ల వైపే మొగ్గేవాడు.

ఆ తాత మనవడి పుట్టినరోజుకు సివిక్ సెంటర్ దుకాణంలోంచి నేను ఇంటికొచ్చాను. అప్పుడు నేను తుపాకీ పట్టిన సిపాయిని. కుర్రాడు నన్ను యుద్ధానికి పంపిన చోట్లన్నీ బురదగుంటలే. మొదట తుపాకీ పోయింది. మా జాతికి బొటనవేళ్ళు పెళుసు, కాబట్టి తర్వాత బొటనవేలూ విరిగింది. తర్వాత 1997లో టీవీలో ‘శక్తిమాన్’ అనే సూపర్‌హీరో సీరియల్ మొదలైంది. తుపాకీ లేని సిపాయిని ఎవరు చూస్తారు? గిరగిరా తిరిగేవాడి ముందు నేను బలాదూరయ్యాను. మంచం కింద చెప్పుల పక్కన పడున్న నన్ను ఓ రోజు తాత చేతిలోకి తీసుకున్నాడు.

“ఏట్రా ఇది? తుపాకీ నేదు, బొటనేలు నేదు. ఈడేం సిపాయిరా?”

“పారేసీమంటావా తాతా?”

“పారేత్తావేటి? ఘటోత్కచుణ్ణి సెయ్యి. గద పట్టుకోడానికి బొటనేలక్కర్నేదు, అతికించెయ్యొచ్చు.”

నా రెండో పుట్టుక అలా మొదలైంది. నా వీపులో ఉన్నది ఒక్కటే స్క్రూ. అది విప్పితే తల, చేతులు, నడుము, కాళ్ళు వేటికవి ఊడి వస్తాయి. లోపల ఒక రబ్బరు రింగు మొండేన్నీ కాళ్ళనీ లాగి పట్టుకుని ఉంటుంది. ఈ అమరిక వల్లే ప్రపంచమంతటా కస్టమ్ బొమ్మలు చేసేవాళ్ళకు మేమంటే మక్కువ: ఒకడి తల ఇంకొకడి భుజాల మీదికి ఎక్కడం మాలో నిమిషాల పని.

కానీ ఎస్వీ రంగారావు ఛాతీ, సిపాయి ఛాతీ ఒకటి కావు. అందుకని ఎం-సీల్ అనే అతుకు పుట్టీ వచ్చింది. కుర్రాడు రెండు ముద్దలు సమంగా తీసుకుని ఒకే రంగు వచ్చేదాకా పిసికి, తడివేలితో నా పొట్టకూ భుజాలకూ అద్దాడు. కీళ్ళు బిగుసుకుపోకుండా సందుల్లో కొబ్బరినూనె రాయమని వాళ్ళ నాన్న చెప్పాడు. పుల్లతో హారాలు గీశాడు. కిరీటం కట్టాడు. తాత చూసి, “మీసం నేని ఘటోత్కచుడేట్రా?” అన్నాడు. కుర్రాడు ఎం-సీల్ దారంలా పేని, పైకి మెలితిప్పి అతికించాడు. అప్పుడు తాత మొదటిసారి నవ్వాడు. పెన్ను రీఫిల్ చివర సైకిల్ గోళీ పెడితే గద అయింది.

రంగుల దగ్గర పేచీ వచ్చింది. పోస్టర్ కలర్ నున్నటి ప్లాస్టిక్ మీద నిలవదు, గోరు తగిలితే పెచ్చులూడుతుంది. అందుకే ముందు ఎమరీ కాగితంతో గరుకు చేసి, బట్టల మీద వేసే రంగు పలచగా, పొర మీద పొరగా వేశాడు. ఏ రంగు వెయ్యాలన్నది అసలు సమస్య. కుర్రాడు కేబుల్లో ఈటీవీ వచ్చాక ‘మాయాబజార్’ చూశాడు. అది నలుపు తెలుపు సినిమా.

“కిరీటం ఏ రంగు తాతా?”

“బంగారం. కిరీటానికి ఇంకే రంగుంటాదిరా?”

“పంచె?”

తాత ఆలోచించకుండా “ఎరుపు” అన్నాడు.

“నలుపు తెలుపు సినిమాలో ఎరుపు నీకెలా కనపడింది?”

“నాకు కనపడింది.”

అంతటితో పంచె ఎరుపైంది. కిరీటానికి అక్క గోళ్ళరంగులోని బంగారు రంగు పోయింది, ఆ దొంగతనం మీద రెండ్రోజులు ఇంట్లో రభస జరిగింది.

ఆ ఏడు దసరాకి అమ్మ బొమ్మల కొలువు పెట్టి, పై మెట్టు మీద కొండపల్లి దశావతారాల పక్కన నన్ను నిలబెట్టింది. పరాయి ప్లాస్టిక్‌నని వాళ్ళు చులకన చేస్తారనుకున్నాను. తీరా వాళ్ళ పుట్టుక వింటే నాకు ధైర్యం వచ్చింది. తెల్ల పొణికి కర్రతో కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన ‘మక్కు’తో అతికించి, అదే మక్కుతో ముక్కూ చెవులూ తీర్చి రంగులు వేస్తారట. అయితే నా ఒంటి మీద ఉన్నది ఎం-సీల్ అనే మక్కు, అంతే! అభిమాన కథలోని మనిషిని చేతులతో అతికించి నిలబెట్టడం అమెరికా నుంచి దిగుమతైన సరదా అనుకునేవాళ్ళు ఒకసారి కొండపల్లికి వెళ్ళి రావాలి.

కొలువు చూడ్డానికి వచ్చిన పిల్లల్లో నా పేరు మోగింది. పక్క క్వార్టర్ల హిందీ పిల్లలు విరిగిన సిపాయిల్ని పట్టుకొచ్చి శక్తిమాన్‌ని చేసిపెట్టమనేవారు. మెరూన్ రంగు దుస్తులూ, ఛాతీ మీద బంగారు చక్రమూ వేసి మావాడు చేసిచ్చేవాడు. వాళ్ళ ముందు గద ఎత్తి నిలబడినప్పుడు నాకు కలిగిన తృప్తి దాచుకోను. శక్తిమాన్‌లు ఎందరో అయ్యారు, ఘటోత్కచుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. మెట్టు దిగకుండానే నాకు రాష్ట్రం మారింది.

ఇక్కడి నుంచి కథ కిందికి దిగుతుంది. కుర్రాడు ఇంజనీరింగ్ కోచింగ్‌లో పడ్డాడు. తాత పోయాడు. కొలువు మానేశారు. 2010లో ‘మాయాబజార్’ను రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. టీవీలో అది వేసిన రోజు అమ్మ నన్ను పట్టుకుని తెర వైపు చూసింది. వాళ్ళ రంగులకూ నా రంగులకూ పొత్తు కుదరలేదు. తాత ఉంటే తప్పు సినిమావాళ్ళదేనని తేల్చేసేవాడు. అమ్మ ఏమీ అనకుండా నన్ను రేకు ట్రంకులో పెట్టి అటక మీదికి ఎక్కించింది.

భిలాయి మే నెలలో 45 డిగ్రీల ఎండకు రేకు ట్రంకులో ఎలా ఉంటుందో ఎక్కించినవాళ్ళకు తెలీదు. ఎండకు ఉబ్బి, చలికి బిగిసి నా పంచె రంగు బీటలు వారింది. మీసం ఒక కొస ఊడింది. అన్నిటికంటే ముందు పోయింది రబ్బరు రింగు. నా జాతికది ప్రాణతంతువు. వాడినా వాడకపోయినా అది ఎండిపోతుంది. ఎవరూ తాకని ఓ రోజు పుటుక్కున తెగింది, నేను రెండు ముక్కలయ్యాను. సెలవులకు వచ్చిన కుర్రాడు సర్టిఫికెట్ల కోసం ట్రంకు తెరిచి, నా పొట్టను ఎత్తి, కాళ్ళ కోసం ఒక్క క్షణం వెతికి, మళ్ళీ పడేశాడు. అంత ఓపిగ్గా ఎం-సీల్ పిసికిన వేళ్ళే అవి. నా కోపం ఆ ఒక్క క్షణం మీదే. అంతకంటే ముందు మర్చిపోయి ఉంటే క్షమించేవాణ్ణి.

నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. విశాఖలో ఫ్లాట్ కొన్నారు. ఇత్తడి గిన్నెలు, స్టీలు పళ్ళాలు, కొండపల్లి దశావతారాలు పాత చీరల్లో చుట్టుకుని లారీ ఎక్కాయి. నేను పాత సామాన్లు కొనే కబాడీవాడి గోనెలోకి వెళ్ళాను.

ఉక్కు ఊళ్ళో కబాడీవాడు కళ్ళను నమ్మడు, అయస్కాంతాన్ని నమ్ముతాడు. కుప్ప మీద దాన్ని తిప్పుతుంటే నా గద చివరి గోళీ టక్కున అంటుకుంది. వాడు తల తిప్పకుండానే నన్ను ఇనుము కుప్పలోకి విసిరాడు. పాత బోల్టులు, చీలలు, గొలుసులు, వాటి మధ్య నేను! భిలాయిలో ఇన్నేళ్ళు బతికాక నన్ను ఇనుమని ఒప్పుకున్న మొదటి మనిషి వాడే. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర ఇలాంటి తుక్కుతోనే నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం చేసింది ఈ నట్లూ బోల్టులతోనే. తుక్కుకు అలాంటి పునర్జన్మ ఉంటుందని నేను ఆశపడేలోపే తూకం దగ్గర ఎవరో “ఇది ప్లాస్టిక్” అని తీసి అవతల పారేశారు.

చివరికి సుపేలా ఆదివారం సంతలో పట్టా మీద, రిమోట్‌లూ బొత్తాల డబ్బాల మధ్య తేలాను. కాలేజీ చదివే ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయి నా కాళ్ళూ మొండెమూ వేరువేరుగా ఏరుకుని, “భైయా, టూటా హువా హై” అని బేరమాడి కొన్నది. ఆమె కూడా బొమ్మలు చేస్తుంది, అయితే చేత్తో కాదు. కంప్యూటర్లో రూపం గీసి, ద్రవ రెజిన్‌ను వెలుగుతో పొర పొరగా గట్టిపరిచే యంత్రంలో నరూటోనూ ఐరన్ మ్యాన్‌నీ తీస్తుంది. తప్పొస్తే మళ్ళీ తీస్తుంది. నన్ను మళ్ళీ తీసే యంత్రం లేదు.

నా కాళ్ళు చూసి ఆమె స్నేహితుడు గుర్తుపట్టాడు. ఇది పాత ఫన్‌స్కూల్ ఒళ్ళు, పైన మెత్తిందంతా ఒలిచేస్తే విదేశాల్లో డబ్బులొస్తాయి, అసిటోన్‌లో ముంచు అన్నాడు. సేకరించేవాళ్ళ లెక్కలో చెయ్యి తగలని బొమ్మకే విలువ. నాకున్నదల్లా చెయ్యి తగలడమే. పైగా అసిటోన్ రంగును తిని ఊరుకోదు, ప్లాస్టిక్‌నీ కరిగిస్తుంది. ఆ సంగతి వాడికి చెప్పే నోరు నాకు లేదు. ఎం-సీల్ మీసం కింద ఉన్నది బొమ్మ నోరు.

అమ్మాయి నా వీపు తిప్పి దీపం కింద చూసింది. ఎం-సీల్‌లో ఒక చిన్న వేలిముద్ర గట్టిపడి ఉంది. పిల్లాడి వేలు. గోరుతో దాన్ని తడిమి, అసిటోన్ సీసా మూత పెట్టేసింది. మర్నాడు హార్డ్‌వేర్ దుకాణంలో నా నడుముకు సరిపడే రింగు కొనుక్కొచ్చి, స్క్రూ విప్పి బిగించింది. రూపాయల్లో పోయే పని. దానికోసం నేను ఏళ్ళ తరబడి రెండు ముక్కలుగా పడున్నాను. ఊడిన మీసం కొస అలాగే ఉంచింది, రంగూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆమె అద్దాల అలమారలో నిలబడ్డాను. బాగానే ఉన్నాను గానీ ఒక్క ఫిర్యాదు ఉంది. వేలిముద్రను ఎవరూ చదవలేరు. నన్ను చేసింది ఎవరో, ఏ ఊరివాడో, ఏ వేషం వేశాడో నా మీద ఎక్కడా లేదు. బొమ్మలు చేసే పిల్లలూ, రంగు ఆరాక అరికాలి కింద సన్నటి కలంతో మీ పేరూ ఊరూ ఏడాదీ వేషం పేరూ రాయండి. కొబ్బరినూనె, ఎమరీ కాగితం అంత ముఖ్యమైన పని అది. రాయకపోతే ఏమవుతుందో నా కాళ్ళ దగ్గర అంటించిన హిందీ చీటీ చూడండి: ‘రావణ్. చేత్తో చేసింది. అమ్మబడదు.’ రెండో మాటా మూడో మాటా నిజమే. మొదటిదే కొట్టెయ్యాలి. ఒక తల వాడికి రావణుడనే పేరేమిటమ్మా, మిగతా తొమ్మిదీ ఏ కబాడీవాడు పట్టుకుపోయాడనుకున్నావు?