సర్టిఫికెట్లు మా బీరువాలో భద్రం

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే నర్సింగ్ కాలేజీల బ్రోషర్లు బస్టాండుల్లో, ఇంటర్ పరీక్షా కేంద్రాల గేట్ల దగ్గర వరదలా పారతాయి. అట్ట మీద తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపుతో ఒక అమ్మాయి నవ్వుతుంటుంది. ఆ అమ్మాయి ఆ కాలేజీలో చదవలేదు. అసలు ఏ నర్సింగ్ కాలేజీలోనూ చదవలేదు, ఇంటర్నెట్లోంచి దిగింది. లోపలి పేజీలో మాత్రం పెద్దక్షరాలతో 'సంపూర్ణ విద్యార్థి సహకారం' అని ఉంటుంది. చదువులో సహకారం, బోధనలో సహకారం, చట్టపరమైన సహకారం, ఏసీ బస్సు. బస్సును వదిలేద్దాం. మిగతా మూడింటి గురించీ నాలుగు మంచి మాటలు చెప్పకపోతే మాత్రం కళ్లు పోతాయి.

చదువులో సహకారం అంటే మొదట రికార్డు. జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఈ ఏళ్లన్నీ ఎలా గడిచాయని ఏ సిస్టర్‌నైనా అడిగి చూడండి, రాసి రాసి కాయ కాసిన వేలు చూపిస్తుంది. కేస్ స్టడీ, కేర్ ప్లాన్, డ్రగ్ బుక్, ప్రొసీజర్ బుక్. రెండు రంగుల స్కెచ్ పెన్నులు, స్కేలు, అంచుకు పూలతీగ. వార్డులో ఒక మనిషి మంచం పక్కన కూర్చుని, మాట్లాడి, ఆయన బాధేమిటో కనుక్కుని, ఏం చేస్తే తగ్గుతుందో ఆలోచించి రాయాలని కేర్ ప్లాన్ అనేది పెట్టారు. సీనియర్ అక్క రికార్డు చేతిలో ఉండగా మంచం మీది మనిషిని ఇబ్బంది పెట్టడం దేనికి?

అందుకే ఏ రికార్డు తిరగేసినా ఒకే రోగి పలకరిస్తాడు. 45 ఏళ్లు, పురుషుడు, వృత్తి వ్యవసాయం, టైఫాయిడ్. మొదటిరోజు జ్వరం 102, మూడోరోజు 100, ఐదోరోజుకి 98.6. పల్స్ మాత్రం అన్ని రోజులూ 72. జ్వరంలోనూ గుండె దడ పెరగని ఈ మహానుభావుడు బ్యాచ్ తర్వాత బ్యాచ్‌ని పాస్ చేయిస్తూ ఇప్పటికీ అదే మంచం మీద ఉన్నాడు. నేను తిరగేసిన ఒక రికార్డులో ఈయన డిశ్చార్జి అయ్యే రోజు ఆరోగ్య బోధ కింద తల్లిపాల ప్రాముఖ్యం వివరించారు. ఏ ప్రసూతి కేసులోంచో ఒక పేజీ ఎగిరొచ్చి అతుక్కుంది. పక్కనే ట్యూటర్ గారి ఎర్ర ఇంకు టిక్కు, కింద 'గుడ్'.

పల్లెటూరి నుంచి తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లకి అనాటమీ ఇంగ్లీషులో మింగుడుపడదు. ఆ పిల్లకి ఎవరైనా కూర్చోబెట్టి చెబితే అది సహకారం. కాలేజీ వారి సహకారం ఇంకా వేగంగా సాగుతుంది: కోఠీ వెళ్లి గైడు కొనుక్కో, గత ఐదేళ్ల ప్రశ్నలు బట్టీ పట్టు, మిగతాది వార్డే నేర్పుతుంది.

వార్డు నేర్పుతుంది, కాదనను. ఎవరు నేర్పుతారన్నదే ముచ్చట. నైట్ డ్యూటీలో నలభై మంచాలకి ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరు స్టూడెంట్లు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో ఒక స్టూడెంటుకి ముగ్గురు రోగులు. ఆ లెక్క నేర్చుకోవడానికి వేసింది, వార్డు నడపడానికి కాదు. ఇక్కడ తెల్లారుజామున ఐదింటికి ఆ ఇద్దరూ నలభై మందికీ టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్ చూసి చార్టు నింపాలి. చేతిలో ఒకే థర్మామీటరు. ఒక్కో మంచం దగ్గర ఎంతసేపు నిలబడాలో కూడికలు వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది, ఆ చార్టులన్నీ ఒకే పెన్నుతో ఒకే ఊపులో ఎందుకు నిండుతాయో కూడా. పల్స్ 72 ఎక్కడ పుట్టిందో ఇప్పుడు మీకు తెలిసింది. పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని పక్కకి ఎలా తిప్పాలో, వీపు కింద పుండు పడకుండా దుప్పటి ఎలా సర్దాలో చూపించేది ఆయమ్మ. ఆయమ్మకి ఎంఎస్సీ నర్సింగ్ లేదు కాబట్టి ఫ్యాకల్టీ జాబితాలో ఆవిడ పేరుండదు.

జాబితా అన్నాను కాబట్టి బోధనలో సహకారం గురించి. పది మంది విద్యార్థులకి ఒక టీచరు ఉండాలని కౌన్సిల్ నిబంధన. కాలేజీకి సొంత ఆస్పత్రి, అందులో కనీసం వంద పడకలు. మన కాలేజీలు ఈ నిబంధనలను తు.చ. తప్పకుండా పాటిస్తాయి, ఇన్‌స్పెక్షన్ రోజున. ఆ ఉదయం ఆవరణలో ఒక్కసారిగా ఎంఎస్సీ మేడంలు మొలుస్తారు. తన హెచ్‌వోడీ ఎవరో స్టూడెంటుకి ఆ రోజే తెలుస్తుంది. హెచ్‌వోడీ గారికి ల్యాబ్ ఎటుందో తెలియదు, స్టూడెంటే దారి చూపిస్తుంది. ఊళ్లో నుంచి బంధుమిత్రులు వచ్చి మంచాల మీద నడుం వాలుస్తారు. వందో పడక కూడా నిండిందంటే ఆ రోజు భోజనం బాగుందన్నమాట. ల్యాబులో ప్లాస్టిక్ కవరు విప్పని బొమ్మ ఒకటి, దాని చేతికి సూది గుచ్చి నేర్చుకోవాలి. బొమ్మ ఖరీదైనది కాబట్టి దాన్ని అలాగే ఉంచి, నేర్చుకోవడం మనుషుల మీద కానిస్తారు.

ఈ విద్యలో మనవాళ్లే ఘనులని మురిసిపోవద్దు. మధ్యప్రదేశ్ నర్సింగ్ కాలేజీల అవకతవకలు హైకోర్టు దాకా వెళితే, కాలేజీలను తనిఖీ చేసే పని కోర్టు సీబీఐకి అప్పగించింది. 2024 మేలో సీబీఐ తన సొంత అధికారులనే అరెస్టు చేసింది, అనుకూలమైన నివేదిక కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద. ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్లనే ఇన్‌స్పెక్షన్ చేయాల్సి వచ్చింది. మన వైపు భోజనంతో, శాలువాతో సరిపెట్టుకుంటున్నాం, ఎంత పొదుపో!

ఇక దీపాల పండుగ. ల్యాంప్ లైటింగ్ అంటే కాలేజీకి ఏటా ఒక్కసారి వచ్చే శోభ. తెల్ల చీరలు, తెల్ల టోపీలు, చేతుల్లో కొవ్వొత్తులు, ముఖ్య అతిథిగా ఎమ్మెల్యే గారు, రెండు గంటలు ఆలస్యంగా. నైటింగేల్ ప్రతిజ్ఞ చదివిస్తారు. అది నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ సారథ్యంలో ఒక కమిటీ రాసి నైటింగేల్ పేరు పెట్టింది. నైటింగేల్ చేసిన పనులు వేరు. సైనికులు గాయాలతో ఎందరు చస్తున్నారో, ఆస్పత్రి మురికితో ఎందరు చస్తున్నారో లెక్కలు తీసి, రంగుల పటాలు గీసి 1858లో ప్రభుత్వం ముందు పెట్టింది. అదే ఏడాది లండన్‌లోని స్టాటిస్టికల్ సొసైటీ ఆవిడని సభ్యురాలిగా తీసుకుంది, ఆడవాళ్లలో మొట్టమొదటి సభ్యురాలు ఆవిడే. అలాంటి లెక్కల మనిషి మన కాలేజీలో చేరి పడకలు ఎన్ని, టీచర్లు ఎందరు అని లెక్కపెట్టడం మొదలుపెట్టిందనుకోండి, రెండో ఏడాది హాల్ టికెట్ వస్తుందా? చేతికి దీపం ఇస్తాం, పెన్సిలు మాత్రం ఇవ్వం.

చట్టపరమైన సహకారానికి వద్దాం. ఇక్కడే కాలేజీల దయాగుణం అసలు బయటపడేది. మెడికో లీగల్ అవగాహన సదస్సు అని బ్యానరు కడతారు. లాయరు గారొచ్చి ఓపిగ్గా చెబుతారు: సహనం, చిరునవ్వు, రోగి బంధువులతో మర్యాద. టీ, బిస్కెట్లు, గ్రూప్ ఫొటో.

ఆ సదస్సులో చెప్పని సంగతి ఒకటుంది. పాత ఐపీసీ 304ఏ కింద నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే డాక్టరైనా, నర్సయినా, లారీ డ్రైవరైనా గరిష్ఠంగా రెండేళ్లే శిక్ష. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 106వ సెక్షన్ ఆ శిక్షను ఐదేళ్లకు పెంచింది. వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కి మాత్రం రెండేళ్లే ఉంచింది. వైద్యుల సంఘం కోరిక మేరకే ఈ మినహాయింపు అని 2023 డిసెంబరులో హోంమంత్రి లోక్‌సభలోనే చెప్పారు. ప్రాక్టీషనర్ అంటే ఎవరో అదే సెక్షన్ కింద వివరణ ఉంది: జాతీయ మెడికల్ కమిషన్ చట్టం గుర్తించిన డిగ్రీ ఉండి, మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవారు. నర్సు పేరుండేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో. అంటే ఆర్డరు రాసినాయనకి రెండేళ్ల దాకా, ఆ ఆర్డరు ప్రకారం సూది గుచ్చినావిడకి ఐదేళ్ల దాకా. డాక్టర్లకి ఆ వెసులుబాటు దక్కకూడదని నేననను, వాళ్లకి అడిగేవాళ్లున్నారు, అడిగారు, దొరికింది. మన సదస్సులో ఈ విషయం చెబితే పిల్లలు భయపడతారని కాబోలు, చిరునవ్వు దగ్గరే ఆపేస్తారు.

రాత్రి రెండింటికి ఫోన్లో 'ఆ ఇంజెక్షన్ ఇచ్చెయ్ సిస్టర్, పొద్దున్నే వచ్చి రాస్తాలే' అనే గొంతు వినని నర్సు ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉంటే ఆమెకి సన్మానం చేయాలి. ఆ పొద్దున రోగి బాగుంటే ఆర్డరు రాస్తారు. బాగోకపోతే కేస్ షీటులో ఉండేది నర్సు చేతిరాత ఒక్కటే. ఫోన్ ఆర్డరు వచ్చిన టైముతో సహా రాసుకో, డోసు తిరిగి చదివి వినిపించు, డాక్టరు వచ్చిన వెంటనే సంతకం తీసుకో. ఈ మూడు మాటలూ చెప్పడానికి పది నిమిషాలు చాలు. సదస్సులో ఆ పది నిమిషాలూ జ్యోతి ప్రజ్వలనకు పోతాయి.

సదస్సు సరే, అసలు చట్టం పిల్లకి మొదట పరిచయమయ్యేది అడ్మిషన్ రోజునే. కరస్పాండెంట్ గారి గదిలో. తండ్రి పొలం పని మానుకుని వచ్చి కూర్చున్నాడు.

'ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లండి.'

'జిరాక్సులు తెచ్చాం సార్...'

'ఇంట్లో ఉంటే చెదలు పడతాయి పెద్దాయనా. మా బీరువాలో అయితే భద్రం. ఇదిగో, ఇక్కడో సంతకం పెట్టండి. పాపా, నువ్వు కూడా పెట్టమ్మా.'

సంతకం పెట్టింది బాండు మీద. చదువయ్యాక వీళ్ల ఆస్పత్రిలోనే ఇన్నేళ్లు చేయాలి, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి, అప్పటిదాకా సర్టిఫికెట్లు బీరువాలో. కోర్సులో చేరడానికి కనీస వయసు 17. మైనరు చేసిన ఒప్పందం చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చేసింది. అందుకే తండ్రి సంతకం కూడా. మనవాళ్లు చట్టం చదవరని ఎవరన్నారు?

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 171వ సెక్షన్ ఒకటుంది. బాకీ కింద ఇతరుల వస్తువు అట్టిపెట్టుకునే సాధారణ హక్కు ఎవరెవరికి ఉందో పేరు పేరునా చెప్పింది: బ్యాంకర్లు, కమీషన్ వర్తకులు, రేవు గిడ్డంగుల యజమానులు, హైకోర్టు అటార్నీలు, బీమా బ్రోకర్లు. ఓడరేవులో మూటలు కాసేవాడు కూడా గుర్తొచ్చిన ఆ దొరలకి నర్సింగ్ కాలేజీ కరస్పాండెంట్ గుర్తురాకపోవడం చారిత్రక అన్యాయం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాగితం కూడా అదే బీరువాలో భద్రంగా ఉండి ఉంటుంది.

బాండుకు లొంగని పిల్లలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ప్రభుత్వం కాలేజీకి డబ్బు బాకీ పడుతుంది. కాలేజీ ప్రభుత్వాన్ని ఏమీ అనలేదు, సచివాలయం బీరువాలో పట్టదు కదా. అందుకని పిల్ల సర్టిఫికెట్ పట్టుకుంటుంది. 'గవర్నమెంటు ఇవ్వలేదమ్మా, ముందు మీరు కట్టేయండి, వచ్చాక ఇస్తాం.' ఇద్దరు పెద్దవాళ్ల బాకీకి పూచీకత్తు పదో తరగతి మెమో.

2011లో ముంబైలో ఒక కేరళ నర్సు ప్రాణం తీసుకున్నాక ఈ బాండ్ల మాట దేశమంతా వినపడింది. నర్సులు ఆస్పత్రుల ముందు కూర్చున్నారు. తర్వాత సుప్రీంకోర్టు 2016లో చెబితే కేంద్రం కమిటీ వేసింది. ఆ కమిటీ 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుకి ప్రభుత్వ జీతంతో సమానం ఇవ్వాలంది, 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నెలకి 20 వేలు తగ్గొద్దంది. సిఫార్సు అన్నారు కాబట్టి సిఫార్సుగానే ఉండనిచ్చారు. ఇన్‌స్పెక్షన్ రోజున వంద పడకలు చూపించిన ఆస్పత్రి, జీతం అడిగే సరికి ముప్పై పడకలకు కుంచించుకుపోతుంది. ముప్పై పడకల వాళ్లని మాత్రం 20 వేలు అడిగేదెవరు?

ఇప్పుడు పిల్లలు జర్మన్ నేర్చుకుంటున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నేర్పించి జర్మనీకి పంపుతోంది. గల్ఫ్‌కి ప్రొమెట్రిక్, అమెరికాకి ఎన్‌క్లెక్స్ రాస్తున్నారు. కరస్పాండెంట్ల సంఘాల్లో దీని మీద పెద్ద బాధ: 'ఇక్కడ తయారుచేస్తే అక్కడికి ఎగిరిపోతున్నారండీ, కృతజ్ఞత లేదు.' ఎగరాలంటే మాత్రం ఒరిజినల్స్ కావాలి. ఒరిజినల్స్ కావాలంటే నో డ్యూస్ ఫారం నింపాలి. హాస్టల్ సంతకం, ల్యాబ్ సంతకం, అకౌంట్స్ సంతకం, యూనిఫాం బకాయి, గ్రూప్ ఫొటో బకాయి. అన్నీ అయ్యాక చివరి గడి లైబ్రేరియన్‌ది. ఆవిడ కిందటి ఇన్‌స్పెక్షన్ సాయంత్రం వెళ్లారు, మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కే వస్తారు.