డెబ్బై రెండు గంటల జ్ఞానం, ఐదు గుంటల అడవి

హైదరాబాదులో కొత్త పరిశోధక వర్గం ఒకటి తయారైంది. వీరికి గైడు లేడు, వైవా లేదు, థీసిస్ గడువు అసలే లేదు. ల్యాప్‌టాప్ ఉంది, ఒకటో తారీఖున పడే జీతం ఉంది, శని ఆదివారాలు ఉన్నాయి. పరిశోధనాంశం సుస్థిర జీవనం. ఆకరాలన్నీ ఆన్‌లైన్లోనే దొరుకుతాయి: ఆస్ట్రేలియా నుంచి కోర్సు, ఆస్ట్రియా నుంచి వీడియో, అమెరికా నుంచి ఉచిత పీడీఎఫ్. ప్రకృతి తీరును అనుసరించి సాగును మలచుకునే పద్ధతి పర్మాకల్చర్; ప్రపంచమంతా ఒప్పుకున్న దాని డిజైన్ కోర్సు 72 గంటలది. ఒకటిన్నర వేగంతో పెట్టుకుంటే 48 గంటల్లో గట్టెక్కవచ్చు, మధ్యలో ఆఫీసు మీటింగు కూడా కానివ్వవచ్చు. సర్టిఫికెట్ ప్రింటయ్యాక ఆ జ్ఞానాన్ని దించడానికి నేల కావాలి. ఆ నేల సాగర్ రోడ్డు మీద, బొంగులూరు గేటు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో గుంటల లెక్కన కోసి, గోడ కట్టి, ఆర్చి నిలబెట్టి సిద్ధంగా ఉంది. బ్రోచరు మొదటి పేజీలో ‘పర్మాకల్చర్ ఫామ్ ప్లాట్లు’, చివరి పేజీలో వాయిదాల పట్టిక. నడుమ ఒక వాగ్దానం: ఐదు గుంటలు కొనండి, అడవి పెంచండి, మీ తిండి మీరే పండించుకోండి, భూమాత రుణం తీర్చుకోండి. రుణం మాట మాత్రం నిజం. పర్సనల్ లోను కాగితాలే దానికి సాక్ష్యం.

ముందుగా తిండి లెక్క చూద్దాం, అది తేలిక. గుంటంటే 121 చదరపు గజాలు. ఐదు గుంటలంటే 605 గజాలు, ఎకరంలో ఎనిమిదో వంతు. అందులో విశ్రాంతి గది, కారు నిలిపే చోటు, నీళ్ల ట్యాంకు, ఫొటోల కోసం ఒక ఉయ్యాల పోతాయి. పోనీ, అవేవీ లేవనుకుని మొత్తం ఐదు గుంటల్లోనూ వానాకాలం జొన్న వేశారనుకుందాం. ఈ చల్క నేలలో ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు వస్తాయని ధారాళంగా లెక్కగట్టినా దిగుబడి క్వింటాకు మించదు. మనిషికి నెలకు పది కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి అది రెండున్నర నెలల గ్రాసం. దీపావళికి కోస్తే సంక్రాంతికి గాదె ఖాళీ. కూరగాయలు, పండ్లు అంటారా, బోరు వేయాలి, బోరుకు కరెంటు కావాలి, వారంలో ఐదు రోజులు ఎవరో ఒకరు నీళ్లు పెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఏ కోర్సులోనూ కనిపించరు. గచ్చిబౌలి నుంచి ఔటర్ మీదుగా పోయి రావటానికి వంద కిలోమీటర్లు, ఆరేడు లీటర్ల పెట్రోలు. ఏడాదిలో యాభై శనివారాలు వెళితే మూడు వందల లీటర్ల పైమాటే. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఇంటికి తెచ్చుకున్న క్వింటా జొన్నల కోసం గాలిలోకి వదిలింది ఏడు క్వింటాళ్లు. స్వయంసమృద్ధి ఇంత బరువని ముందే తెలిస్తే చాలామంది వీధి చివరి కిరాణా కొట్టుకు నడిచి వెళ్లేవారు.

తిండి తర్వాత తోట. ఇక్కడ మన పరిశోధకుడి శ్రద్ధను శంకించలేం. ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల మీద సెప్ హోల్జర్ అనే రైతు దుంగలు పేర్చి, పైన మట్టి కప్పి ఎత్తు మళ్లు వేసేవాడు. దాన్ని హ్యూగల్‌కల్చర్ అంటారు. మంచు కురిసే తడి నేలలో ఆ కట్టె మెల్లగా కుళ్లి చెమ్మను పట్టి ఉంచుతుంది. అదే దుంగను యాచారం ఎర్రనేలలో పూడిస్తే మన చెదలు పిలుపు కోసం ఆగవు. చలిదేశంలో మట్టి త్వరగా వేడెక్కాలని, నీరు త్వరగా దిగిపోవాలని చుట్టలు తిప్పుతూ రాళ్ల దిబ్బ కట్టి ఆకులు పెంచుతారు. మే నెలలో నలభై దాటిన ఎండకు ఆ దిబ్బ మీద కొత్తిమీర వేయటం మొక్కకు శిక్ష. ఎండ ప్రాంతంలో మడి నేలకన్నా పల్లంగా ఉండాలి. ఈ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు, పర్మాకల్చర్‌కు ఆద్యుల్లో ఒకడైన బిల్ మొలిసనే 1988 నాటి డిజైనర్స్ మాన్యువల్‌లో పొడి ప్రాంతాల కోసం విడిగా రాసి పెట్టాడు. కానీ ఆ పుస్తకం ఐదు వందల పేజీలు దాటింది, దిబ్బ వీడియో ఆరు నిమిషాలు. ఇక కాంఫ్రీ అనే చలిదేశపు మొక్క ఉంది, దాని ఆకు ఎరువుకు మంచిదట. ఇబ్రహీంపట్నంలో కాంఫ్రీ వేర్లు ఎక్కడ దొరుకుతాయా అని వెతికే మనిషి వెనకే, గట్టు మీద కానుగ చెట్టు ఎవరూ అడక్కుండా ఆకు రాల్చుకుంటూ ఉంటుంది. గట్ల వెంట గ్లైరిసీడియా నాటి రెమ్మలు నరికి చేలో వేయమని మన శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. అదీ విదేశీ మొక్కే, కాకపోతే దాన్ని చూపించేవాడు చలికోటు తొడుక్కుని ఉండడు.

జోర్డాన్ ఎడారిని పచ్చబరిచిన జెఫ్ లాటన్ వీడియో ఉంది కదా, అది పొడి నేలే కదా అని ఎవరైనా అడగవచ్చు. పొడి నేలే. అక్కడ చినుకు చలికాలంలో పడుతుంది, అదీ కొద్దిగా పడుతుంది. మనకు ఏడాది వానలో అధికభాగం జూన్‌కూ సెప్టెంబరుకూ నడుమ, అందులోనూ కొన్ని కుండపోతల్లో దిగిపోతుంది. కాబట్టి ఇక్కడ చినుకును పట్టుకుంటే సరిపోదు, వరదకు దారి కూడా ఇవ్వాలి.

నా అభ్యంతరమంతా ఆ దారి దగ్గరే. ఆన్‌లైన్లో దొరికే డిజైను ఏదైనా ఒక చతురస్రంతో మొదలవుతుంది: మీ స్థలం హద్దు గీయండి, ఇంటిని సున్నా జోన్ అనుకోండి, అక్కడి నుంచి ఐదో జోన్ దాకా లెక్కపెట్టండి. హద్దు అవతల ఎవరున్నారని వీడియో అడగదు, అడిగితే చతురస్రాన్ని అమ్మేవాడికి గిట్టదు. నీళ్లు మాత్రం రిజిస్ట్రేషన్ కాగితం చదవవు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటిదని చెబుతారు, ఊరి పేరూ ఆయనదే. వందల ఎకరాల ఆ చెరువు తనంతట తాను నిండదు. గుట్టల మీద పడ్డ వాన చేల మీదుగా వాగులోకి, వాగు కుంటలోకి, కుంట మత్తడి కాలువలోకి, కాలువ చెరువులోకి రావాలి. ఏళ్ల తరబడి ఆ చెరువు నెర్రెలిచ్చి పడి ఉండేది. వానలు తగ్గటం ఒక కారణం, పైనున్న కాలువలు పూడిపోయి, ఆక్రమణల పాలవటం ఇంకొకటి. దశాబ్దాల తర్వాత 2022లో మత్తడి దుంకితే జనం జాతర చూసినట్టు చూశారు. ఇప్పుడు ఆ పై పొలాల్లో ఒక వెంచరు ఎలా వస్తుందో దగ్గరగా చూడండి. ముందు చుట్టూ ప్రీకాస్ట్ గోడ లేస్తుంది, వాలుకు అడ్డంగా. తర్వాత ముప్ఫై అడుగుల మొరం రోడ్డు, రోలరు తొక్కి బిగించినది, చేను కన్నా రెండడుగులు ఎత్తు. కాలువ ఎదురైన చోట తూము పెడితే ఖర్చు, పూడ్చేస్తే ఒక ప్లాటు లాభం. ఈ పనులన్నీ అయ్యాక మన పరిశోధకుడు వచ్చి తన వాటాలో స్వేల్, అంటే వాననీటిని ఇంకించే కందకం, తవ్వుతాడు: ఇరవై అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. అందులో పట్టేది పదిహేడు వందల లీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకుంటే అతని ఐదు గుంటల మీదే మూడున్నర లక్షల లీటర్లు పడతాయి, వంద ఎకరాల వెంచరు మీద ఇరవై ఎనిమిది కోట్ల లీటర్లు. ఇంకినంత ఇంకి, ఆవిరైనంత ఆవిరై, మిగిలినది గోడ వెంట కొత్త దారి వెతుక్కుని ఎవడి చేనునో కోసుకుంటూ పోతుంది. స్వేల్ ఫొటోకు మాత్రం లైకులు బాగానే వస్తాయి.

నీటిని ఊరి లెక్కన, గుట్ట నుంచి పల్లం దాకా కలిపి చూడాలనేది కొత్త సిద్ధాంతమేమీ కాదు. ఇంజనీరు టి. హనుమంతరావు ‘ఫోర్ వాటర్స్’ పేరుతో అప్పటి మెదక్ జిల్లా గొట్టిగారిపల్లిలో చేసి చూపించింది అదే. ఇబ్రహీంపట్నం దాటి యాచారం వైపు పోతే గున్‌గల్‌లో క్రిడా వారి పరిశోధనా క్షేత్రం ఉంది. క్రిడా అంటే మెట్ట వ్యవసాయానికి దేశం మొత్తానికీ ఉన్న కేంద్ర సంస్థ, దాని ముఖ్య కార్యాలయం హైదరాబాదు సంతోష్‌నగర్‌లో. ఇదే ఎర్రనేల, ఇదే వాన, ఇవే కంది, ఆముదం, జొన్న, ఉలవ మీద దశాబ్దాలుగా ప్రయోగాలు నడిచిన చోటు. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఏం వేయాలి, నాలుగు వారాలైతే ఏం మార్చాలి, ఆరైతే, ఎనిమిదైతే ఏం చేయాలి అని జిల్లాల వారీగా వాళ్లు తయారుచేసిన ప్రణాళికలు ఆన్‌లైన్లో ఉచితంగా ఉన్నాయి. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భువన్ పటాల్లో మీ ప్లాటు పైన ఏ కుంట ఉందో, కింద ఏ చెరువు ఉందో కుర్చీలో కూర్చునే చూడవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన పత్రాలూ తెరిచే ఉన్నాయి. అందుకే ఆన్‌లైన్ వనరులు పనికిరావని నేను అనటం లేదు. పనికొచ్చేవి కారు ప్రయాణమంత దూరంలోనే ఉన్నా మన పరిశోధకుడు వాటి జోలికి పోడు. వాటిలో నేపథ్య సంగీతం లేదు, పట్టికలున్నాయి. పైగా వాటిని శ్రద్ధగా చదివితే ఈ చోట ఐదు గుంటల్లో అవకాడో అడవి వద్దని తేలిపోయే ప్రమాదం ఉంది.

పర్మాకల్చర్‌ను తిట్టటం కూడా నా ఉద్దేశం కాదు. మొలిసన్ 1980లలోనే ఇండియాకు వచ్చి కోర్సు చెప్పాడు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ ఆలోచనను నేలకు దించింది. అక్కడి సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు. బీడు పడ్డ భూములను సాగులోకి తెచ్చి, అక్కడ పండిన జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పేదలకు సొంత రేషన్ నడిపారు. 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. 1999లో మొదలైన అరణ్య సంస్థ అదే ప్రాంతంలోని బిడకన్నెలో క్షేత్రం నడుపుతోంది. 2017లో ప్రపంచ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాదుకూ బిడకన్నెకూ వచ్చింది. ఈ విద్యకు మూడు నీతులున్నాయి: భూమిని చూసుకో, మనుషులను చూసుకో, మిగులు పంచుకో. సాగర్ రోడ్డు ఎక్కేసరికి మొదటిది బ్రోచరు నినాదమైంది, రెండోది వాచ్‌మన్ గదిగా మారింది, మూడోది టోల్‌గేటు దగ్గరే దిగిపోయింది.

కాంక్రీటు కన్నా చెట్లు నయం కదా, ఎందుకీ ఏడుపు అంటారు. నయమే, చెట్లే మిగిలితే. కొన్నవారిలో ఎంతమంది మూడో ఎండాకాలం దాకా మొక్కలను బతికిస్తారో, ఎంతమంది రేటు పెరిగాక అమ్ముకుంటారో చుట్టూ పడావు పడ్డ ప్లాట్లు చూస్తే తెలుస్తుంది. ఇంకొక వాదన ఉంది: రైతులు మాత్రం ఏం వెలగబెట్టారు, పత్తి వేసి, యూరియా చల్లి, వెయ్యి అడుగుల బోర్లు వేసి నీళ్లు తోడెయ్యలేదా? తోడారు. మన పూర్వీకులకు అన్నీ తెలుసన్న పాట నేను ఎత్తుకోను. చెరువు నీళ్లు ముందు ఎవరి మడికి పారాలో కులం, పలుకుబడి తేల్చిన ఊళ్లే ఇవన్నీ. అయితే తప్పు చేసిన రైతుకు ఆ తప్పు అప్పుగా ఇంటికి వచ్చింది. వారాంతపు రైతు తప్పు చేస్తే అది అనుభవంగా లెక్కకొస్తుంది, మరుసటి నెల కొత్త కోర్సు కొంటాడు. పల్లెకు పోయి నేర్చుకునే తీరిక లేనివారికి ఆన్‌లైనే దిక్కు కదా అన్న మూడో వాదన న్యాయమైనదే. తీరిక లేనివారు మేడ మీద నాలుగు కుండీల్లో పాలకూర వేయవచ్చు, వంటింటి చెత్తను ఎరువు చేయవచ్చు, ఊళ్లో సేంద్రియంగా పండించే రైతు దగ్గర గిట్టుబాటు ధరకు కొనవచ్చు. వీటిలో దేనికీ వాలుకు అడ్డంగా గోడ అక్కర్లేదు.

ఇక చట్టం. ఫామ్ ప్లాట్ల పేరిట ఇరవై గుంటల కన్నా తక్కువ ముక్కలు కొని మోసపోవద్దని ప్రభుత్వ ఆస్తుల రక్షణ చూసే హైడ్రా సంస్థ 2025లో జనాన్ని హెచ్చరించింది. పర్మాకల్చర్ అనే పేరు తగిలించినంత మాత్రాన ఐదు గుంటలు ఇరవై కావు. ఆ ముక్క కొనే ఆలోచనలో ఉన్నవారికి ఒక మనవి. వెంచరు వాళ్లు కారు పంపిస్తామంటే ఎండాకాలం ఆదివారం వద్దనండి, పెద్ద వాన కురిసిన మర్నాడు రమ్మనండి. గోడకు పైవైపు నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. తహసీల్దారు ఆఫీసుకు పోయి గ్రామ నక్షా తీయించండి. నక్షాలో కాలువ ఉండి నేల మీద గోడ ఉంటే, కట్టిన టోకెన్ డబ్బులు వెనక్కి అడగండి. ఇవ్వరు. అయినా అడగండి.