ఫ్రిజ్ మీది చీటీకి టీకా తాత్పర్యము

మూలము: "ఏమండీ, పైగది కర్టెన్ జరపకండి. సీతాకోకచిలుక పడుకుంది. హీటర్ వెయ్యొద్దు."

అవతారిక: ఇంగ్లండులో జనవరి నెల, తెల్లారకముందే డ్యూటీకి వెళ్తూ మా ఆవిడ రాసి ఫ్రిజ్‌కు అంటించినది. గద్యము. గణాలు లేవు, గద్దింపు ఉంది.

ప్రతిపదార్థము: ఏమండీ = ఓ భర్తా (ఈ సంబోధన వెనక వచ్చేది విన్నపం కాదని అనుభవజ్ఞుల మతం); పైగది = నేను ఆఫీసు పని చేసుకొనే గది; కర్టెన్ = తెరను, అనగా దాని మూడో మడతను; జరపకండి = కదల్చరాదు; సీతాకోకచిలుక = స్మాల్ టార్టాయిజ్‌షెల్ అనునది. ఇచట 'శీతకోకచిలుక' అని పాఠాంతరము. చలికి కోక కప్పుకొన్నదని వ్యుత్పత్తి. ఈ పాఠం నేను కల్పించిందే అయినా సందర్భానికి ఇదే మేలు.

'పడుకుంది' దగ్గర కాస్త ఆగాలి. "పడుకోవడమేమిటి, చచ్చింది, ఊడ్చేస్తే పోలా?" అని పూర్వపక్షము. ఆ పూర్వపక్షిని నేనే. దగ్గరికెళ్ళి చూశాను. మూసిన రెక్కల వెలుపలంతా కాలిన కట్టె రంగు. నారింజ వన్నె, పసుపు నలుపు మచ్చలు, అంచు వెంబడి నీలి చుక్కలు అన్నీ లోపలికే. పట్టుచీరను జరీ లోపలికి పోయేలా తిరగేసి మడిచి బీరువాలో పెడతారే, అదీ వరస. మెల్లగా ఊదితే ఒక కాలు కదిలింది. పూర్వపక్షము వీగిపోయెను.

హీటర్ ఎందుకు వెయ్యొద్దనగా, ఇది వేసవి చివర ఇంట్లో దూరింది. అప్పటిదాకా తాగిన తేనెను కొవ్వుగా దాచుకొని, మార్చి దాకా దానితోనే నెట్టుకు రావాలి. గది వెచ్చబడితే వసంతమనుకొని లేస్తుంది. బయట పువ్వుండదు. రెక్కలాడించి ఆడించి, ఉన్న కొవ్వు కరగ్గొట్టుకొని పోతుంది. ఈ దేశంలోనే బ్రిమ్‌స్టోన్ అనే మరో జాతి బయట ఐవీ ఆకుల నడుమ తానూ ఆకై వేలాడుతుంది; దానికి మా ఇంటి బాధ లేదు.

అలంకారము: విరోధాభాసము. వెచ్చగా ఉంచితే చస్తుంది, చలికి వదిలేస్తే బతుకుతుంది.

తాత్పర్యము: ఓ భర్తా, రెండు స్వెటర్లు, ఒక మంకీ క్యాప్ ధరించి మీటింగులకు కూర్చొనుము.

ఫలశ్రుతి: మార్చిలో ఒక ఎండపూట అది కర్టెన్ దిగి కిటికీ గట్టు మీద రెక్కలు విప్పింది. బీరువా తెరిచినట్టయింది. ఒళ్ళు వేడెక్కేదాకా వణికి, తెరిచిన కిటికీలోంచి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఫ్రిజ్ మీద రెండో చీటీ: "పెరట్లో నెటిల్ మొక్కలు పీకకండి. దాని పిల్లలు తినేది అవే." అప్పటికే సగం పీకి, రెండు చేతులా దద్దుర్లు తెచ్చుకొన్న వ్యాఖ్యాత దీనికి టీక రాయజాలడు.