అడుక్కోవడానికి అనుమతి పత్రం

కరోనా వచ్చింది, రాష్ట్రాల పెట్టెలు ఖాళీ అయ్యాయి. తెలంగాణ ఉద్యోగుల చేతిలో సగం జీతం పెట్టి సర్దుకోమంది. ఆంధ్రప్రదేశ్ రెండు రోజుల్లో మద్యం ధర 75 శాతం పెంచి, తాగేవాళ్ల దేశభక్తి మీద భారం వేసింది. అప్పుడే ఢిల్లీ నుంచి 20 లక్షల కోట్ల ప్యాకేజీ కబురొచ్చింది. అందులో రాష్ట్రాలకు దక్కిన పెద్ద వరం ఏమిటయ్యా అంటే, ఇంకాస్త అప్పు చేసుకోవచ్చని!

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అని మన సామెత. కేంద్రం దాన్ని సవరించింది. పెట్టదు గానీ అడుక్కోనిస్తుంది, అదీ విడతలవారీగా. అప్పు పరిమితి రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెరిగింది. పెరిగిన రెండు శాతంలో ఊరికే ఇచ్చింది అర శాతం. మిగతాదంతా షరతుల మీదే: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, సులభతర వ్యాపారం, కరెంటు సంస్కరణలు, మున్సిపాలిటీల ఆదాయం. ఒక్కో షరతుకు పావు శాతం. ఏ మూడు నెగ్గినా చివరి అర శాతం బోనస్.

ఆసుపత్రిలో ఆక్సిజన్‌కూ, పొలంలో బోరు మోటారుకూ సంబంధమేమిటని అడక్కండి. కరెంటు షరతు ప్రకారం ఉచిత కరెంటు పోయి రైతు ఖాతాలో నగదు పడితే వైరస్ బెదురుతుందని పెద్దల నమ్మకం కాబోలు. ఆంధ్రప్రదేశ్ సరేనంది; శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకు మీటర్లు బిగించారు. మున్సిపాలిటీల షరతు కోసం ఇంటి పన్ను కూడా స్థలం, కట్టడం విలువను బట్టి కట్టాలని చట్టం మార్చింది. తెలంగాణ మాత్రం మీటర్లు పెట్టనని మొండికేసింది. దాని కరోనాకు మందు వేరనుకోవాలి.

ఇక జీఎస్టీ. సొంత పన్నులు వదులుకోండి, ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన ఐదేళ్లు లోటు పూడుస్తామని 2017లో చట్టం రాసిచ్చారు. 2020 ఆగస్టు 27న కౌన్సిల్ 41వ సమావేశం అయ్యాక ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కరోనా దైవ ఘటన అన్నారు. ఆ పరిహార చట్టంలో దేవుడికి మినహాయింపు ఇచ్చిన సెక్షన్ ఒక్కటీ లేదు. పైగా దేవుడి లెక్క వేరు, జీఎస్టీ లెక్క వేరు అని పద్దు చీల్చారు. జీఎస్టీ లెక్కలోని 97 వేల కోట్లు అప్పు తెచ్చుకుంటారా, రెండు లెక్కలూ కలిపి 2.35 లక్షల కోట్లు తెచ్చుకుంటారా? ఏ దారిన పోయినా షావుకారు గుమ్మమే.

దేవుడు పెట్రోలు జోలికి మాత్రం పోలేదు. ప్యాకేజీ వచ్చిన 2020 మే నెలలోనే లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు ఎక్సైజ్ పెంచారు. సెస్సు, ప్రత్యేక అదనపు సుంకం అని పేరు పెట్టారు కాబట్టి రాష్ట్రాలకు పైసా వాటా లేదు. కంపెనీల దానాలదీ అదే వరస. పీఎం కేర్స్‌కు ఇస్తే సామాజిక బాధ్యత కింద లెక్క, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే లెక్కలోకి రాదు. జిల్లా ఆసుపత్రిని నడిపేది ఏ ప్రభుత్వమో దాతలకు తెలియదనుకున్నారేమో.

రాష్ట్రాలు గోల పెడితే అక్టోబరులో కేంద్రమే అప్పు తెచ్చి వాటికి అప్పుగా అందించింది: తొలి ఏడాది 1.1 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 1.59 లక్షల కోట్లు. తీర్చడానికి, 2022 జూన్‌తో ఆగాల్సిన పరిహార సెస్సును 2026 మార్చి దాకా సాగదీశారు. అలా దేవుడు చేసిన అప్పును సిగరెట్లు కాల్చేవాళ్లూ, కూల్ డ్రింకులు తాగేవాళ్లూ తీరుస్తూ వచ్చారు.