బొజ్జ కరగకుండా ఫిట్‌గా ఉండటం ఎలా?

ఈ విషయంలో సలహా చెప్పడానికి నాకున్న అర్హత ముందే మనవి చేసుకోవాలి. ఏడేళ్లుగా ఫిట్‌నెస్‌లో ఉన్నాను. మొదలెట్టిన రోజున నా బరువు 81 కిలోలు. రెండు సైకిళ్లు, నాలుగు జతల బూట్లు, ఒక స్మార్ట్ వాచీ, స్మూతీల కోసం విడిగా ఒక మిక్సీ జారు కొన్నాక ఇవాళ పొద్దున్న చూసుకుంటే 83. ఇంత చెమటోడ్చి, ఇంత ఖర్చుపెట్టి, ఉన్నది పోగొట్టుకోకుండా పైన రెండు కిలోలు కూడబెట్టినవాడు మీ చుట్టాల్లో ఇంకెవరైనా ఉంటే ఆయన్నే అడగండి. లేకపోతే నేను చెప్పేది వినండి.

మొదట ముహూర్తం. వ్యాయామం ఎప్పుడు పడితే అప్పుడు మొదలెట్టేది కాదు. జనవరి ఒకటిన అనుకుంటే రెండు వారాల్లో సంక్రాంతి. అరిసెలు, సకినాలు డబ్బాల్లో పెట్టుకుని పరుగుకి పోవడమంటే వాటిని చేసినవాళ్లని అవమానించడమే. పండగ వెళ్లాక పెళ్లిళ్లు. ఈ మధ్య రంజాన్ కూడా ఆ చుట్టుపక్కలే వస్తోంది, వీధి వీధినా హలీం బట్టీలు లేస్తాయి. అది దాటితే ఎండలు, కొత్తావకాయ, బంగినపల్లి మామిడిపళ్లు. ఆషాఢంలో కొత్త పని మొదలెట్టరు. శ్రావణంలో వారానికోసారి పులిహోర, పరమాన్నం. ఆపైన ఉండ్రాళ్లు, బతుకమ్మ సద్దులు, దసరాకి వేటమాంసం, దీపావళి మిఠాయిలు, కార్తీకంలో వనభోజనాలు. అన్నీ అయ్యేసరికి డిసెంబరు. చలిలో లేస్తే జలుబు చేస్తుంది. వెతగ్గా వెతగ్గా ఏడాదికి ఒక్క సోమవారం దొరుకుతుంది. ఆ రోజు అమావాస్య.

కొనడానికి మాత్రం ముహూర్తం అక్కర్లేదు. సైకిలు ఎంత ఖరీదైనదైతే బొజ్జకి అంత భద్రత. ఐదారు వేల సైకిలు కొన్నవాడు కూరగాయలకీ పాలకీ దాని మీదే పోతాడు, తెలియకుండానే సన్నబడతాడు. డెబ్బై వేల సైకిల్ని వీధిలో వదిలి కొత్తిమీర కొనడానికి ఎవడికి ధైర్యం చాలుతుంది? దాన్ని బాల్కనీలో పెట్టుకోవాలి. మా నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడు నా సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“క్యారేజీ ఏదిరా?”

“ఉండదు నాన్నా.”

“స్టాండు?”

“దీనికి ఉండదు.”

“మడ్‌గార్డూ లేదు, బెల్లూ లేదు. ఇన్ని తీసేస్తే ధర తగ్గాలి గదరా!”

జవాబు చెప్పలేకపోయాను. ఆయన మాత్రం హ్యాండిల్‌కి తన తువ్వాలు ఆరేసి, ఆ సైకిల్‌కి మా ఇంట్లో శాశ్వత ఉద్యోగం ఇచ్చి వెళ్లాడు.

ఇక తొక్కాల్సిన పరిస్థితే వస్తే సీటు జోలికి పోకండి. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా సాగాలట, సీటుకి అదే సరైన ఎత్తట. ఆ కొలత ప్రకారం పెట్టుకుంటే మోకాళ్లు నొప్పి పుట్టవు. నొప్పి పుట్టకపోతే మానేయడానికి రేపు ఏం చెబుతారు? కాబట్టి సీటు కిందికే ఉంచుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా, పైగా అన్నిటికన్నా బరువైన గేరులో తొక్కండి. వారంలో డాక్టరే మానేయమంటాడు. డాక్టరు మానేయమన్నాక మనం మానేసినట్టు కాదు గదా.

హైదరాబాద్ వాళ్లకి ఈ మధ్య ఒక చిక్కు వచ్చిపడింది. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. మామూలు ట్రాక్ అయితే మనమేం భయపడేవాళ్లం కాదు. దాని పైన కప్పు వేశారు, ఆ కప్పు మీద సోలార్ పలకలు పరిచారు. 16 మెగావాట్ల కరెంటు సంగతి అలా ఉంచితే, ఎండ అనే సాకూ వాన అనే సాకూ ఒకే దెబ్బకి పోయాయి. నాలాంటివాళ్లు కొన్నాళ్లు దిక్కుతోచక తిరిగాం. చివరికి దారి దొరికింది. మా ఇంటి నుంచి ఆ ట్రాక్ ఇరవై రెండు కిలోమీటర్లు. కారు వెనక రాక్ బిగించి, సైకిల్ని దాని మీద ఊరేగించుకుంటూ వెళ్లి, అక్కడ పది కిలోమీటర్లు తొక్కి, మళ్లీ కారెక్కించి తెస్తున్నాను. మొత్తం ప్రయాణం 54 కిలోమీటర్లు. ఇందులో నేను సైకిల్ని మోసిందే ఎక్కువ.

కానీ సైకిలు తొక్కడంలోని అసలు ఘట్టం తొక్కడం అయిపోయాక మొదలవుతుంది. ఆదివారం ఏడున్నర, ఏడూ నలభై. ఎనిమిది మందిమి హెల్మెట్లు తీయకుండానే టిఫిన్ బండి ముందు నిలబడతాం. పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మంటుంది. చీపురుతో ఒక్క తోపు తోసి, గరిటెడు పిండి గుండ్రంగా తిప్పుతాడు. ఎర్ర కారం వెన్నలా పూస్తాడు. మధ్యలో ఉప్మా ముద్ద వేసి మెత్తగా పరుస్తాడు. అప్పుడు తల ఎత్తి మన కళ్లలోకి చూసి, “నెయ్యి వెయ్యనా అన్నా?” అంటాడు. ఆ ప్రశ్నకి వద్దని చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. స్టీలు గ్లాసు వంచుతాడు. నెయ్యి అంచు దాకా పాకి, అక్కడ బుడగలు కట్టి, దోసె అంచు గోధుమరంగుకి తిరిగి తనంతట తానే పెనం నుంచి లేస్తుంది. అట్లకాడకి పనే లేదు.

లెక్క కావాలంటారా? గంటన్నర తొక్కితే నా శరీరానికి ఓ ఐదొందల కెలొరీలు ఖర్చవుతాయి. నెయ్యి గ్రాముకి తొమ్మిది. మూడు పెద్ద చెంచాలు పడ్డాయనుకుంటే, ఒక్క నెయ్యే నాలుగొందలు. ఇంకా దోసె, ఉప్మా, పల్లీ చట్నీ లెక్కలోకి రాలేదు. పక్కనే మైసూరు బజ్జీలు దేవుతుంటే ముఖం తిప్పుకోలేని మొహమాటమూ రాలేదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. రోజుకి రెండు వేల కెలొరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములట. మా బండి అతను దాన్ని ఒకే మణికట్టు వంపులో దాటేస్తాడు. సోమవారం నుంచి శనివారం దాకా కూడబెట్టుకున్న ఆకలిని ఆదివారం ఎనిమిదిలోపు తీర్చుకోవడం సైకిలిస్టుల్లో ఆనవాయితీ. దీన్ని ‘రికవరీ’ అంటారు. తర్వాత ఇంటికెళ్లి పడుకోవడాన్ని కూడా అదే అంటారు.

పరుగు గురించి ఎక్కువ చెప్పను, ఎక్కువ పరిగెత్తలేదు గనక. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అది కొత్తవాళ్లకి సరైన వేగమని తెలిసినవాళ్లు చెబుతారు. పొరపాటున కూడా అలా చేయకండి. కేబీఆర్ పార్కులో అంత నెమ్మదిగా పోతే షుగరు గురించీ, శంకర్‌పల్లి స్థలాల గురించీ మాట్లాడుకుంటూ నడిచే పెద్దవాళ్లు మిమ్మల్ని దాటిపోతారు. 1998లో ఆ అడవిని నేషనల్ పార్కు చేసింది నెమళ్ల కోసమే అయినా, పురి విప్పేది ఎక్కువగా మనమే. అందుకని మొదటి రోజే ఊపిరాడనంత వేగంగా, ఐదు కిలోమీటర్లు, కొత్త బూట్లతో. రెండో రోజు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగుతారు. మూడో రోజు నుంచి హాయి.

మారథాన్‌కి పేరు ఇచ్చి తీరాలి. ఇందులో రహస్యమేమిటంటే టీషర్టూ బిబ్బూ పరుగుకి ముందే ఇచ్చేస్తారు. మా ఊళ్లో పరుగు ఆగస్టు నెలాఖరులో. బయట సన్నగా ముసురు, ఒంటి మీద దుప్పటి, కుర్చీ మీద కొత్త టీషర్టు. ఎవరైనా ఫుల్ మారథాన్ ఎందుకు పరిగెత్తలేదని నిలదీస్తే చరిత్ర చెప్పండి. ఆ 42.195 కిలోమీటర్ల దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో పుట్టింది. విండ్సర్ కోట దగ్గర మొదలెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగించారు. 1921లో అదే ఖాయం చేశారు. ఎవరో రాణిగారి కుర్చీ దాకా మనం ఎందుకు పరిగెత్తాలి? స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయ్యాక!

నడకకైతే వాచీ ఉంది. రోజుకి పదివేల అడుగులు వేదవాక్కని అందరూ అనుకుంటారు గానీ, దాని పుట్టుక 1965లో జపాన్‌లో. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు ఒక కంపెనీ నడుముకి కట్టుకునే అడుగుల మీటరు తెచ్చి, దానికి ‘మాంపోకెయ్’ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరని అర్థం. అంటే ముందు పేరు పుట్టింది, వెనక మనం నడుస్తున్నాం. అయినా సరే, అంకె పూర్తి కావాలి. వాచీ పెట్టుకున్న చేత్తో దోసెల పిండి కలపండి, భజనలో తాళం వేయండి. స్కూటర్ మీద మా కాలనీ రోడ్డున ఒకసారి వెళ్లి వస్తే గుంతల పుణ్యమా అని కొన్ని వందల అడుగులు ఉచితంగా పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారం మొత్తానికి నూట యాభై నిమిషాల చురుకైన నడకో, అలాంటిదో. రోజుకి పాతిక నిమిషాలు కూడా నిండవు. ఇంత చిన్న సంగతి నలుగురికీ తెలిస్తే వాచీల దుకాణాలు ఏమైపోవాలి?

బరువు కొలిచేటప్పుడు అమెరికా లెక్క వాడండి. బీఎంఐ అక్కడ 25 దాటితేనే అధిక బరువు. మనవాళ్లకి 23 నుంచే అంటారు, 25 వచ్చిందంటే ఊబకాయమే. నడుము టేపు అసలు ఇంట్లో ఉండనీయకండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదనే మాట పుట్టిందే ఆ టేపు వల్ల.

ఇక తిండి. తెలుగువాడికి డైట్ అంటే సిద్ధాంతం. మా ఇల్లు మూడు సిద్ధాంతాలు చూసింది. మొదట ఉప్పూ నూనే లేని కాలం. మా ఆవిడ వండిన బీరకాయ కూర తిని ఇంట్లో ఎవరూ మూడు రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. తర్వాత అన్నం విషం, కొవ్వే అమృతం అన్న కాలం. ఉప్పు లేక ఎండిన నాలుక కొబ్బరినూనెలో తేలింది. దాని వెనక సిరిధాన్యాలు వచ్చాయి. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు ఐదు సీసాల్లో, ఐదు చీటీలతో. రాత్రే నానబెట్టాలి. నానబెట్టడం మర్చిపోతే ఆ రోజు స్విగ్గీ.

సిద్ధాంతాల మధ్య ఎవరినీ నొప్పించకుండా ఉండాలంటే మూడూ కలిపేయండి. నేను అదే చేశాను. కొర్రన్నం కాబట్టి భయం లేదని రెండు మార్లు వడ్డించుకోవడం, కొవ్వు మంచిదన్నారని దాని మీద నెయ్యి, ఉప్పు తగ్గించాం గదా అని పక్కన ఆవకాయ. కొర్రలైనా బియ్యమైనా వంద గ్రాములకి కెలొరీలు ఇంచుమించు ఒకటేనన్న సంగతి భోజనాల దగ్గర ఎత్తకూడదు. కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ పళ్లూ ఉండాలన్న తార్నాక వారి మాట కూడా. మన కంచంలో కూర ఉండేది అన్నానికి బొట్టు పెట్టడానికి.

వీటన్నిటికన్నా గట్టి ఆయుధం మన పెద్దలు ఇచ్చిందే. “రాత్రి పూట అన్నం మానేశానండీ” అనే వాక్యం. ఎంత త్యాగం పలుకుతుంది అందులో! అన్నం మానేసి నాలుగు పుల్కాలు, అవి చాలవని రెండు అట్లు, గొంతు దిగడానికి గ్లాసుడు పాలు. శనివారం ఒక్కపొద్దు ఉంటే మరీ మంచిది. ఫలహారం అన్న మాటలో ఫలం ఉందని సంస్కృతం తెలిసినవాళ్లు అంటారు. మా వీధి హోటల్లో ఫలహారం అంటే పూరీ.

జాగ్రత్తగా ఉండాల్సింది ఒక్క మనిషితోనే. మా రెండో అంతస్తులో ఒకావిడ ఉన్నారు, రిటైరైన లెక్కల టీచరు. నేను చెప్పిన సూత్రాలన్నీ తప్పుతారు. సాయంత్రం ఐదున్నరకి కిందికి దిగి, పార్కింగ్ సెల్లార్‌లో కార్ల చుట్టూ ముప్పై నిమిషాలు నడుస్తారు. నేత చీర, మనవడు వదిలేసిన బూట్లు. వాచీ లేదు, వాచ్‌మన్ రేడియోలో పాటల్ని బట్టి టైము చూసుకుంటారు. వాన పడ్డా నడుస్తారు, ఉగాది నాడూ నడుస్తారు. పెళ్లిలో ఒకసారి పక్కన కూర్చుని చూశాను, ముందు కూరలన్నీ తినేసి, తర్వాత అన్నం పెట్టించుకుని, లడ్డూ మొత్తం తిని, రెండో లడ్డూకి చెయ్యి అడ్డం పెట్టారు. ఇలాంటివాళ్ల పక్కన ఎక్కువ సేపు ఉంటే మనకీ అంటుకునే ప్రమాదం ఉంది.

మొన్న లిఫ్ట్ దగ్గర కనిపించారు. ఆవిడ మెట్ల వైపు తిరిగి ఆగారు.

“బాబూ, మీ బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసే సైకిలుంది చూడు, దాన్నేమైనా అమ్ముతావా? మా మనవడు ఇంటరుకి వచ్చాడు, కాలేజీకి తొక్కుకుంటూ పోతానంటున్నాడు.”

“అది డెబ్బై వేలది, మేడమ్.”

“క్యారేజీ కట్టించుకోవచ్చునా దానికి?”

సంక్రాంతి వెళ్లాక చెబుతానన్నాను.