సర్టిఫికెట్ బాబు

హైదరాబాదులో ఏ పెద్ద అపార్టుమెంటు సెల్లారులోకైనా దిగండి. కార్లూ, పాత సోఫాలూ, ఎవరూ తొక్కని సైకిళ్లూ దాటాక ఒక ఇనుప తలుపు, దాని వెనక బ్లోయరు హోరు. ఆ తలుపుకి ఇవతల, ముక్కుకి కర్చీఫు కట్టుకుని, ఇస్త్రీ చొక్కా నలక్కుండా నిలబడినవాడే మన సర్టిఫికెట్ బాబు. ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఆపరేటరు. పైనున్న ఫ్లాట్లవాళ్లంతా వదిలిన నీళ్లు, మళ్లీ వాళ్ల ఫ్లష్ ట్యాంకుల్లోకే మర్యాదగా తిరిగొచ్చేలా చూడటం అతని ఉద్యోగం.

శిక్షణ లేనివాడేం కాదు. ఏసీ హాల్లో మూడు రోజులు కూర్చుని వచ్చాడు. సంచీ ఇచ్చారు, పెన్ను ఇచ్చారు, గ్రూపు ఫొటోలో ముందు వరస ఇచ్చారు. సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి ప్యానెల్ బోర్డు పక్కన తగిలించాడు. నిద్రలో లేపి అడిగినా బీఓడీ అంటే, నీళ్లలోని మురుగుని తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలో ఆ లెక్క అని చెప్తాడు. మన దేశంలో దాన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులుంచి కొలుస్తారనీ చెప్తాడు. యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిని 1914లో మాంచెస్టర్‌వాళ్లు ఆర్డెర్న్, లాకెట్ లోకానికి చూపించారని చెప్పి అసోసియేషన్ సెక్రటరీగారి నోరు మూయించాడు. ఆ ఇద్దరూ సీసాల్లో మురుగునీళ్లు పోసి, గాలి కొట్టి, అడుగున దిగిన బురదని పారబోయకుండా మళ్లీ మళ్లీ వాడి చూసి మరీ కనిపెట్టారన్న ముక్క మాత్రం అతనికి గుర్తులేదు. బహుశా ఆ స్లైడు భోజనాల వేళ పడి ఉంటుంది.

బాబు సాహిత్య కృషి అంతా లాగ్‌బుక్కులో ఉంది. పీహెచ్ 7.2, డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 2. నిన్నా అంతే, మొన్నా అంతే. బ్లోయరు బెల్టు తెగి పొద్దుటినించి సాయంత్రందాకా ట్యాంకులో ఒక్క బుడగ లేని రోజున కూడా డీఓ 2. ఇరవయ్యో తారీఖున పుస్తకం తెరిస్తే ముప్ఫయ్యో తారీఖు దాకా నిండిపోయి ఉంటుంది. పంచాంగకర్తలు కూడా ఇంత ధీమాగా రాయరు.

సంక్రాంతి ముందు గండం వచ్చింది. ఇల్లిల్లూ కడుగుళ్లు. యాసిడ్లు, ఫినాయిళ్లు, బ్లీచింగులు బాత్‌రూముల్లోంచి పోటెత్తాయి. తెల్లారేసరికి ఏరేషన్ ట్యాంకు మీద తెల్లటి నురగ గట్టు దాటి, చీఫ్ గెస్టులా మెట్ల దాకా వచ్చి నిలబడింది. బాబు నోట్సు తీశాడు. తెల్ల నురగంటే బురద లేతగా ఉందని రాసి ఉంది. నిజమే. అయితే ఏం చెయ్యాలి? పేజీ తిప్పితే ధన్యవాదాలు.

పక్క అపార్టుమెంటు నుంచి పెద్దాపరేటర్‌ని పిలిపించారు. చదువు పదో తరగతి దగ్గర ఆగింది, అనుభవం ఆగలేదు.

"మాకు అంబర్‌పేట ప్లాంటు కూడా చూపించారన్నా, మూసీ పక్కన, రోజుకి 339 మిలియన్ లీటర్లు" అన్నాడు బాబు, పరువు దక్కించుకోవడానికి.

"అట్లనా. వాసన ఎట్లుండె?"

"ఫొటో కదన్నా."

"కర్చీఫు తియ్యి తమ్మీ."

తీశాడు. బాబు అసలు చదువు ఆ క్షణాన మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు తడిమట్టి వాసన వేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసనొస్తే అడుగున గాలి అందట్లేదని. బుడగలు ట్యాంకంతా సన్నగా, సమంగా లేవాలి. ఒక్కచోట కుతకుతమంటే అక్కడ డిఫ్యూజరు పొర చిరిగిందని. స్క్రూడ్రైవరు మొన బ్లోయరు బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే, అది గరగరమంటోందో లేదో వారం ముందే తెలుస్తుంది. బాబు మొదటిసారి మొన చెవి వైపు పెట్టుకోబోయాడు.

తర్వాత అన్న లీటరు జాడీతో ట్యాంకు నీళ్లు ముంచి, అరుగు మీద పెట్టి, ఫోనులో ముప్ఫై నిమిషాలకి అలారం పెట్టాడు. బాబు స్టేటస్ కోసం ఫొటో తీద్దామని జాడీ ఎత్తాడు. "కదిలియ్యకు!" మళ్లీ ముంచారు, మళ్లీ అలారం. అరగంటయ్యాక చూస్తే అడుగున పల్చటి బురద, పైన మజ్జిగతేటలా మసక నీళ్లు. "కల్చర్ సచ్చింది, మురుగు తినే సూక్ష్మజీవులు. బురద బయటికి తీసుడు బంద్ జెయ్యి. మా ట్యాంకుల బురద పంపిస్త, ఇండ్ల పొయ్యి. గాలి ఆపకు. యాసిడ్ పోయొద్దని పైనోళ్లకు చెప్పు."

ఇన్ని మాటలకీ నవ్విన అన్న ఒక్కమాటకి నవ్వలేదు. కుళ్లుగుడ్డు వాసన గుప్పుమని, ఉన్నట్టుండి పోయిందంటే గాలి శుభ్రపడిందని కాదు. ఆ గ్యాసు వంద పీపీఎం దాటితే ముక్కే పనిచెయ్యడం మానేస్తుంది. మీటరు లేకుండా మూత తెరిచి వంగకూడదు. పంపు ఇరుక్కుంది, ఒక్క నిమిషం దిగి తీసెయ్యమని సెక్రటరీ అన్నా, సెక్రటరీ తాత అన్నా దిగకూడదు. రక్షణ లేకుండా మనిషిని దింపడం, మనుషులతో మలమూత్రాలు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఇది స్లైడులోనూ ఉంది. కానీ మూత పక్కన నిలబెట్టి, మీటరు చేతికిచ్చి చెప్తే ఎక్కినట్టు ఏసీలో ఎక్కదు.

నన్నడిగితే స్లైడులు దండగని అనను. ముందు రెండు వారాలు గట్టు మీద నిలబెట్టి, ఆ తర్వాత హాల్లో కూర్చోబెడితే, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకే ప్రశ్నలు తట్టుకోవడం కష్టమవుతుంది.

బాబు మారాడు. మరీ మారాడు. లాగ్‌బుక్కులో ఇప్పుడు అంకెలు రోజుకోలా ఉండటంతో ప్లాంటు పాడైందని సెక్రటరీ కంగారు పడుతున్నారు. ఎవరింటికెళ్లినా ముందు సింకు దగ్గర ముక్కు ఎగబీలుస్తాడు. మొన్న మరదలి పెళ్లిలో వడ్డన మొదలవగానే చారు గ్లాసులో పోయించుకుని, దీపం వెలుతురుకి పట్టి చూసి, విస్తరి పక్కన పెట్టి, ఫోనులో అలారం నొక్కాడట. మామగారు చెయ్యి చాపితే, "కదపకండి మామయ్యా, ఇంకా దిగలేదు" అన్నాట్ట.

"మా అల్లుడికి చారంటే ప్రాణం" అని పక్కాయనతో సర్దుకున్నారు మామగారు.