పోపుల డబ్బా నుంచి మింట్ రోడ్డుకు

మహారాజశ్రీ ముంబయి మింట్ రోడ్డు, భారత రిజర్వు బ్యాంకు గవర్నరు గారి సముఖమునకు, రాజమహేంద్రవరం ఇన్నీసుపేట నుంచి ఒక గృహిణి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

మీ బ్యాంకు 1935లో పుట్టింది. నా బ్యాంకు ఎప్పుడు పుట్టిందో కాగితమేమీ లేదు గానీ, మా అత్తగారి అత్తగారి కాలంలో పోపుల డబ్బాలో మెంతుల గిన్నె కింద మొదలైందని చెబుతారు. హోదాలో తేడా ఉన్నా చేసే పని ఒకటే కనక సాటి అధికారికి రాసినట్టే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఢిల్లీలో మీకు ఆర్థిక మంత్రి ఉన్నట్టే నాకు మావారున్నారు. తాడితోట బట్టల మార్కెట్టులో గుమాస్తా. జీతం తెచ్చి చేతిలో పెడతారు. ఆ తర్వాత ఖర్చులు ప్రకటించేది ఆయన, సర్దేది నేను. మా ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు 2008 నుంచి 2013 దాకా మీ కుర్చీలో కూర్చుని, 2010 మార్చికీ 2011 అక్టోబరుకీ మధ్య పదమూడుసార్లు వడ్డీ పెంచారు కదండీ. అప్పుడు ఢిల్లీ పెద్దల మొహాలు ఎలా మాడి ఉంటాయో చూడకుండానే చెప్పగలను. "ఈ ఆదివారం కోడి లేదు, గుడ్లతో సరిపెట్టుకోండి" అని నేను ప్రకటించినప్పుడల్లా మా ఇంట్లో కనిపించేవి ఆ మొహాలే.

అసలు సంగతికొస్తాను. మా వాడికి పదహారేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం, సీఈసీ గ్రూపు. పాకెట్ మనీ నెలకు 1,200 రూపాయలు. అందులోనే ఫోను రీచార్జి, షేర్ ఆటో, స్నేహితుల పుట్టినరోజులు, కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్కు, కొత్త సినిమా, ట్యూషనుకీ ఇంటికీ మధ్య తప్పనిసరిగా అడ్డం పడే బజ్జీల బండి. ఒకటో తారీఖున ఇచ్చింది పన్నెండో తారీఖు చూడదు. 2025 అక్టోబరులో దేశం మొత్తం మీద చిల్లర ధరలు ఏడాది కిందటి కంటే పావు శాతమే పెరిగాయని ప్రభుత్వం లెక్క చెబితే, ఆ పేపరు వాడి ముందు పెట్టాను. "అది కూరగాయలూ పప్పులూ తగ్గడం వల్లమ్మా. నా బుట్టలో అవి ఎక్కడున్నాయి?" అన్నాడు. నిజమే, వాడి బుట్టలో వంకాయకు చోటు లేదు.

తప్పంతా వాడిదే అనను. డబ్బు స్వభావమే మారింది. మా రోజుల్లో చేతికిచ్చేది నోటు. విడిపిస్తే చిల్లరయ్యేది, చిల్లరయ్యాక జేబులో గలగలమనేది, ఆ గలగల సన్నబడుతుంటే ఎంత మిగిలిందో చెవికే తెలిసేది. ఇప్పుడు బజ్జీల బండి దగ్గర వాడు ఫోను ఎత్తి చూపిస్తాడు. "ఇరవై రూపాయలు అందాయి" అని బండిలోని సౌండ్ బాక్సు వీధి వీధంతా వినేలా చెబుతుంది. పుచ్చుకున్నవాడికి అంత చాటింపు, పోగొట్టుకున్నవాడి జేబుకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇరవై రూపాయలు పోయాయి అని ఏడ్చే డబ్బా ఒకటి కనిపెట్టి ఫోనులోనే పెట్టిస్తే మా బోటి వాళ్ళు మీ పేరు చెప్పుకుంటారు. దీనికి తోడు యూపీఐ లైట్ అని మరొకటి తెచ్చారు. ఒక్కసారికి వెయ్యి దాకా పిన్ను అక్కర్లేదు, అయిదు వేల దాకా అందులో వేసుకోవచ్చు, కొన్నవి పాస్‌బుక్కులో విడివిడిగా పడవు. మీ ఉద్దేశం బ్యాంకుల మీద భారం తగ్గించడం. మా వాడి ఉద్దేశం వేరు.

2025 ఏప్రిల్ 21న మీరొక సర్క్యులర్ ఇచ్చారు. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని, బ్యాంకులు దీన్ని జూలై 1 కల్లా అమల్లో పెట్టాలని. మీరు రాసింది బ్యాంకులకు గానీ, ముందు చదివింది మా వాడు. పదేళ్ళవాడికే హక్కుంటే పదహారేళ్ళవాణ్ణి ఒకటో తారీఖున చెయ్యి చాపించడం రాజ్యాంగ విరుద్ధమన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని అదే సర్క్యులర్ మళ్ళీ చదివాను. పిల్లల ఖాతా ఎప్పుడూ నిల్వతోనే ఉండాలి, అప్పుగా ఇవ్వడానికి వీల్లేదు అని ఉంది. "చూశావా, పన్నెండో తారీఖు తర్వాత వచ్చే నెల పద్దులో రాసుకోమ్మా అంటావే, అది చెల్లదు" అన్నాను. ఆ ఒక్క వాక్యానికి మీకు జన్మంతా రుణపడి ఉంటాను.

తర్వాత మా ఇంటికి యూపీఐ సర్కిల్ వచ్చింది. నా ఖాతా మీద వాడు స్కాన్ చేస్తాడు, అనుమతి నా ఫోనుకొస్తుంది, నేను పిన్ కొడితే డబ్బు కదులుతుంది. ఇదేదో బాగుందనుకున్నాను. దాళ్వాలో కాలవకు వంతులవారీగా నీళ్ళు వదిలినట్టు వదలొచ్చు కదా అని. పులుసులో చింతపండు పిండుతుంటే ఫోను మోగుతుంది, పునుగులు, ఇరవై. కుట్టు మిషను మీద జాకెట్టు చంక దగ్గర తిప్పుతుంటే మోగుతుంది, జిరాక్సులు, పద్నాలుగు. ఏది జిరాక్సో ఏది జిలేబీయో అడిగే తీరిక లేక అన్నిటికీ పిన్ కొట్టేశాను. పెద్ద పెద్ద బ్యాంకుల్లో సంతకాలు ఎలా పడతాయో అప్పుడర్థమైంది. పోనీ పూర్తి అధికారం ఇచ్చేద్దామంటే, నెలకు 15,000 దాకా నన్నడగకుండానే వాడుకోవచ్చట. ఆ సంఖ్య వాడికి తెలియకుండా ఫోను బోర్లించి పెట్టాను.

మీ పరిధిలోకి రాని సంస్థ ఒకటి మా ఇంట్లోనే ఉంది. మా అత్తగారు. వాడికి మామ్మ. రొంటిన దోపుకున్న చిన్న గుడ్డసంచి ఆవిడ కేంద్ర కార్యాలయం. పూచీకత్తు అడగదు, వడ్డీ అడగదు, ఎందుకురా అని కూడా అడగదు. ఆవిడ నిల్వలు ఎంతో ఎవరికీ తెలీదు. 2016 నవంబరు 8 రాత్రి అయిదొందల నోట్లూ వెయ్యి నోట్లూ రద్దయ్యాయని టీవీలో చెబితే బియ్యం డబ్బాలోంచి కొంత బయటికొచ్చింది. 2023 మేలో రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నామంటే దేవుడి పటం వెనకనుంచి ఇంకొంత వచ్చింది. మూడో ప్రకటన ఏదైనా ఉంటే ముందుగా నా చెవిన వేయండి, ఈసారి ఎక్కడ వెతకాలో నాకొక అంచనా ఉంది.

విదేశీ నిధుల బెడద సరేసరి. కోనసీమ ఆడపిల్లలు ఎంతోమంది గల్ఫ్‌లో కష్టం చేసుకుంటున్నారని మీకు తెలుసు కదా, మా ఆడపడుచు కువైట్‌లో ఉంది. అక్కడి దినారు మన రూపాయల్లో రెండొందల డెబ్బై పైమాటే. మేనల్లుడి మీద ప్రేమతో అయిదు దినార్లు పంపితే ఆవిడకు అయిదే, మా వాడికి నెల పొడుగునా బజ్జీలు. బయటినుంచి డబ్బు వచ్చిపడితే మీరు డాలర్లు కొని సర్దుతారట. నేను దేన్ని కొని సర్దను?

విసిగిపోయి ఓ నెల పాకెట్ మనీ ఎనిమిది వందలకు కోశాను. పక్కింటి తాతగారిది అంబాజీపేట వైపు. 2011లో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు సార్వా నాట్లు మానేసి క్రాప్ హాలిడే పెట్టిన సంగతి ఆయన మా వాడికి రసవత్తరంగా చెప్పారు. మర్నాడు పొద్దున్నే వీడు సంచీ ఇంట్లో పడేసి, రైతు బజారుకు హాలిడే ప్రకటించాడు. గ్యాసు బండ మోసుకురావడానికీ హాలిడే. అడిగితే "గిట్టుబాటు ధర లేదమ్మా" అన్నాడు. మా మామగారు కోనసీమలో మిగిల్చిపోయిన ఎకరం కౌలుకిచ్చాం, కౌలు ధాన్యం బస్తాల్లో వస్తుంది. 2025-26కు మామూలు రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, మా 75 కేజీల బస్తాకు 1,777. "నీ పన్నెండొందలంటే యాభై కేజీల ధాన్యంరా. పండించినవాడికే గిట్టడం లేదు, తినేవాడికి నీకేం గిట్టుబాటు?" అంది మామ్మ. ఆవిడ నా పక్షాన మాట్లాడటం అరుదు కనక ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వాడు తగ్గలేదు. పుస్తకం తెచ్చాడు. రిజర్వు బ్యాంకులో ఎంపీసీ అనే పరపతి విధాన కమిటీ ఉంటుందని, ముగ్గురు మీవాళ్ళు, ముగ్గురు ప్రభుత్వం వేసినవాళ్ళు, ఓట్లు సమానమైతే మీకు ఇంకో ఓటు ఉంటుందని, సమావేశం జరిగిన పద్నాలుగో రోజున ఎవరేమన్నారో లోకానికి చెప్పేస్తారని చదివి వినిపించాడు. ఇంటర్‌లో ఎంపీసీ చదవమంటే ససేమిరా అన్నవాడు ఇంట్లో ఎంపీసీ పెట్టమన్నాడు. "నా లెక్క రూపాయితో సహా అడుగుతావు. ఇంటి లెక్క ఎప్పుడైనా చూపించావా?" అన్నాడు.

అదేనండి నాకు గుచ్చుకున్న మాట. ఇన్నీసుపేట కాదు, ఏ పేటలోనైనా చూడండి, పిల్లల్ని లెక్క రాయమంటాం, మన పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఇంటికెంత వస్తుందో, ఎంత పోతుందో తెలీనివాడికి పన్నెండొందలు ఎక్కువో తక్కువో ఏం తెలుస్తుంది? అడిగితే వచ్చేదీ, ఇంకా గట్టిగా అడిగితే ఇంకొంచెం వచ్చేదీ డబ్బు అనుకుంటాడు. మావారు వద్దన్నారు, పసివాడికి ఇవన్నీ ఎందుకన్నారు. ఆయనకు ఎందుకు వద్దో నాకు తెలుసు. అయినా ఆదివారం భోజనాలయ్యాక పుస్తకం తెరిచాను.

సార్వా కౌలు, దాళ్వా కౌలు, జీతం, నా కుట్టుకూలి ఒక పక్క. అద్దె, పాలు, కరెంటు, మామ్మ బీపీ మాత్రలు, వాడి ఫీజు ఇంకో పక్క. వేలు పెట్టుకుని చదువుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు. "గాజుల వడ్డీ అంటే ఏంటమ్మా? నీ గాజులు ఎక్కడున్నాయి?" నేను నోరు తెరిచేలోగా మామ్మ అందుకుంది. "బ్యాంకులో చదువుకుంటున్నాయిరా, నీతో పాటే ఇంటరు." రెండున్నర లక్షల లోపు బంగారం అప్పుకు విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని 2025 జూన్‌లో మీరు ప్రకటించారు కదండీ, ఆ కబురు విని మావారు సంతోషించారు. నేను మిగిలిన నల్లపూసలు తడిమి చూసుకున్నాను. మా వాడు మాత్రం ఆ వరస మీద చర్చ పొడిగించలేదు. పై పేజీకి వెళ్ళాడు.

పై పేజీలో ఉంది తంటా. శ్రావణం నెల "ఇతరములు" కింద ఒక పెద్ద అంకె. అది పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పుకునే సీమలో కాపురం చేస్తూ బడ్జెట్టు వేసుకోవడం ఎంత కష్టమో ముంబయిలో మీకెలా తెలుస్తుంది? పుస్తెలు అమ్మలేదు, అంతవరకు మా ద్రవ్య క్రమశిక్షణ. అదే నెలలో ముగ్గురి పెళ్ళిళ్ళకు చదివింపులు. కార్తీకంలో పంచారామాలు. అయిదింటిలో నాలుగు మా పాత గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి కదా, ఖర్చేముంటుందని బస్సెక్కాం. ద్రాక్షారామంలో మొక్కు, పాలకొల్లులో టిఫిను, దారిలో ఆత్రేయపురం పూతరేకులు చుట్టాలందరికీ. ఇక సంక్రాంతికి భీమవరం వైపు వెళ్ళొచ్చాక మావారు రాయించిన పద్దు, "ఊరి ఖర్చులు". వాడు తండ్రి మొహంలోకి చూశాడు. "ఏ కోడి నాన్నా, డేగా, కాకా?" అన్నాడు. ఆర్థిక మంత్రి గారికి అప్పుడే ఫోనొచ్చింది, వీధిలోకి వెళ్ళారు.

వాడు పెన్సిలుతో గీతలు గీసి తేల్చిందేమిటంటే, జూలై నుంచి మార్చి దాకా వరసగా మూడు త్రైమాసికాలు ఇంటి ఖర్చు మేం పెట్టుకున్న గీత దాటిందని. దాటింది వాడు ఒక్కడే కాదని. పోనీలే, బజ్జీలతో సరి అనుకుంటే, మీ చట్టంలోని 45జడ్‌ఎన్ సెక్షను తీశాడు. 2022లో జనవరి నుంచి సెప్టెంబరు దాకా ద్రవ్యోల్బణం ఆరు శాతం గీత పైనే ఉన్నందుకు, మీ బ్యాంకు ప్రభుత్వానికి సంజాయిషీ రాయాల్సి వచ్చింది కదా. ఎందుకు తప్పింది, ఏం చేయబోతున్నారు, ఎప్పటికి దారికొస్తుంది, మూడూ చెప్పాలని చట్టం. ఆ లెక్కన మేమూ వాడికి సంజాయిషీ రాసివ్వాలట. రాసేదాకా పన్నెండొందలు తగ్గించడానికి వీల్లేదట. కమిటీలో ఓటింగు పెడితే మామ్మ వాడి వైపు తిరిగింది, మావారు ఇంకా ఫోనులోనే ఉన్నారు.

అందుకని విన్నవించుకునేదేమంటే, 2022 నవంబరులో మీ బ్యాంకు రాసిన ఆ సంజాయిషీ ఉత్తరం మీరు బయటపెట్టలేదు, అడిగినవాళ్ళకు కూడా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని ఒకప్పుడు నేనూ నాలుగు మాటలు అన్నాను, ఆదివారం తర్వాత అనడం మానేశాను. కానీ నాకొక్క నకలు ఇప్పించండి. అంకెలు నాకొద్దు, వాటి మీద సిరా పూసేసినా ఫరవాలేదు. కారణాలు చెప్పే పేరా ఒక్కటి చాలు, ఆ వాక్యాల పోకడ చూసి మాది రాసుకుంటాం. మీకు చెప్పుకోవడానికి యుక్రెయిన్ యుద్ధమైనా దొరికింది. మాకు పులస, పూతరేకులు, ఒక కోడి. వీటిని "బాహ్య ప్రపంచ పరిణామాలు" కింద ఎలా రాయాలో తెలియక పుస్తకం మూసి కూర్చున్నాం. వచ్చే ఆదివారం సమావేశం లోపు అందేలా పంపితే మేలు. తపాలా ఖర్చు "ఇతరములు" కింద రాయను, వాడు చూస్తున్నాడు.

ఇట్లు,
తమ సాటి అధికారిణి,
ఇన్నీసుపేట, రాజమహేంద్రవరం.